న్యూట్రల్ చాలదు

రాణీగంజ్‌లో షట్టర్లు దిగే వేళకి
ఖదీర్ భాయ్ కాళ్లు మాత్రమే బయట మిగిలాయి,
తక్కిన మనిషంతా కాంటెస్సా కింద.
ఎనభై ఏడు మోడల్. చందనం రంగు. ఇంజిన్‌లో ప్రాణం లేదు.
ఎల్లుండి పొద్దున ఆరింటికి గండిపేట దగ్గర
హీరో దీన్ని నడుపుతూ ఏడవాలి.

"మన కారవాన్ ఎట్లాగూ అటే పోతుంది,
వెనక రాడ్డు తగిలించి లాక్కుపో పెంటయ్యా" అన్నాడు మేనేజర్,
బీరువా కొంచెం పక్కకి జరపమన్నంత తేలిగ్గా.
నేనూ అంతే అనుకున్నా.
గేరు తీసేస్తే ఏ బండైనా బండే,
నాలుగు చక్రాలు, ఒక దారి.

కింద నుంచి గొంతు వచ్చింది,
టార్చి పళ్ల మధ్య కరిచిపెట్టుకున్న గొంతు:
"న్యూట్రల్ల పెడ్తే ఇంజిన్ పండుకుంటది గానీ
ఎనక చక్రాలు పండుకుంటయా మియా?
దీని జోరంత ఎనకనే ఉంది.
చక్రం తిరిగితే షాఫ్ట్ తిరుగుతది,
షాఫ్ట్ తిరిగితే గేర్‌బాక్సుల సగం తిరుగుతది.
నూనె ఎగజిమ్మే పళ్లేమో కదలనే కదలవు.
లంగర్‌హౌజ్ దాటేసరికి లోపల ఎండుకపోయి
నర్సింగి కాడ పొగ."

సుద్దముక్క అడిగాడు.
పక్క చాయ్ హోటల్లో ఖాతాలు రాసేది తెచ్చిచ్చాను.
ఫ్లాంజి మీద ఒక గీత, షాఫ్ట్ మీద ఒక గీత.
"ఎట్ల విప్పినమో అట్లనే కలపాలె,
లేకుంటే బతికినన్నాళ్లు వణుకుతది."

నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి.
నాలుగోది ఖదీర్ భాయ్ తాతల్ని, నా తాతల్ని,
కంపెనీవాళ్ల తాతల్ని
అందర్నీ పిలిపించుకుంటేగానీ కదల్లేదు.
గేర్‌బాక్సు తోకకి పాల కవరు తొడిగి
ట్యూబు రబ్బరు చుట్టాడు.

ఊడిన షాఫ్ట్‌ని నా చేతుల్లో పెట్టాడు,
నిద్రపోయిన పసిపిల్లంత బరువు.
పాత ఫ్లెక్సీలో చుట్టి కారవాన్‌లో పడుకోబెట్టాను,
హీరోయిన్ అద్దం ముందు, పన్నెండు బల్బుల వెలుగులో.
దాని వయసు మాత్రం ఎవరూ దాచలేదు.

రాత్రి ఒంటిగంట.
ముందు కారవాన్‌ని దస్తగిరి నడుపుతున్నాడు,
వెనక కాంటెస్సాలో స్టీరింగ్ పట్టుకుని నేను.
ఇరవై రెండేళ్లుగా లాగే సీట్లో కూర్చున్నవాణ్ణి,
ఇవ్వాళ తోకనయ్యాను.
ఎదురుగా దారి లేదు, కారవాన్ వీపుంది.
దాని మీద ఏసీ నీళ్లు కారిన చార,
దుమ్ములో ఎవడో వేలితో రాసుకున్న పేరు, సగం.
మాసాబ్‌ట్యాంక్. మెహిదీపట్నం. ఖాళీ రైతుబజారు.
ఇరానీ హోటల్లో బల్లల మీద తిరగేసిన కుర్చీలు.
అద్దం దించితే రోడ్డు మీద టైర్ల చప్పుడు ఒక్కటే.
లోపల ఏదీ దేన్నీ తిప్పడం లేదు.
ఇంత తేలికైన బండి ఎప్పుడూ నడపలేదు నేను.
ఇప్పుడు మాత్రం నడిపానా ఏం?

షాట్‌లో నలుగురు లైట్‌బాయ్‌లు వెనక నుంచి తోశారు.
హీరో బాగానే ఏడ్చాడు.

నాలుగోరోజు రాత్రి బోరబండలో ఇంటికొచ్చి
లైటు ఆపాను, ఫోను ఆపాను, కళ్లు మూశాను.
కుడికాలు మాత్రం బ్రేకు నొక్కుతూనే ఉంది
దుప్పటి కింద,
లేని గుంతకి, అడ్డమొచ్చిన లేని ఆటోకి.

రాజమణి లేచి కూర్చుంది.
"గింత రాత్రి ఏడికి పోతున్నవ్?"
చెప్పాను, ఖదీర్ భాయ్ చెప్పిందంతా, పాల కవరుతో సహా.
నవ్వుతుందనుకున్నా.
మోకాలి కింద చేయి పెట్టి
బోల్టు ఎక్కడుందో వెతుకుతున్నట్టు
ఒక్కోచోటే నొక్కుకుంటూ పోయింది.

"ఇంట్ల సుద్దముక్క లేదు," అంది కాసేపటికి,
"పొద్దుగాల ఎట్ల బిగించాల్నో
నువ్వే యాదికుంచుకో."