పదకొండో పేజీ

ఉల్లుంగ్ దీవిలో, చీకటి పడ్డాక
మా పడవలు సముద్రం మీద దీపాలు వెలిగిస్తాయి.
గాలానికి ఎర గుచ్చరు.
వెలుగు చాలు,
స్క్విడ్‌లు వాటంతటవే పైకొస్తాయి.

తెల్లారి రేవులో వాటి కడుపులు చీరడం నా పని.
పదమూడేళ్లుగా అదే బల్ల, అదే కత్తి.
మిగతా టైమంతా ఫోను.
ఎంత ఫోనంటే
మా ఇంట్లో అన్నం మాడితే
మూడో అంతస్తు వాళ్లు దిగొచ్చి తలుపు కొట్టేవాళ్లు.

ఒకరోజు బళ్లో
మా గ్యూవాన్ అమ్మ బొమ్మ గీశాడు.
రెండు చేతులు, ముడివేసిన జుట్టు,
మధ్యలో తెల్లటి నలుపలక.
"ముఖం మర్చిపోయావా?" అని టీచరడిగితే
"లేదు, అదే" అన్నాడట.

తిట్టలేదు. ఏడవలేదు కూడా.
ఆ బొమ్మని ఫోటో తీశాను, సిగ్గులేకుండా,
ఎవరికి పంపాలో తోచక
చాలాసేపు అలాగే చూస్తూ కూచున్నాను.

ఆ వారమే మొదలుపెట్టాను నా బొమ్మల కథ.
చేపల తూకాల పుస్తకంలో, వాడని వైపు.
ఫోనులో జరుపుకుంటూ చదివేది కాదు,
వేలు తడుపుకుని తిప్పేది.
పది పేజీలు నీళ్లలా సాగిపోయాయి:
నేనూ, అలారమూ, మాడిన గిన్నే,
బస్సు దిగాల్సిన చోట దిగని నేనూ.
నా ముక్కు ప్రతి గడిలోనూ ఒక్కోలా వచ్చింది.
పోనీలే అనుకున్నాను.

పదకొండో పేజీ దగ్గర చిక్కుబడ్డాను.
అక్కడో రాత్రి గీయాలి.
పదకొండున్నర నుంచి రెండు దాకా
ఏమీ జరగని రాత్రి.
ఏమీ జరగనిదానికి ఎన్ని గళ్లు గీయాలి?
ఒక గడిలో బొటనవేలు పైకి.
పక్క గడిలో బొటనవేలు పైకి.
ఆ పక్క గడిలోనూ...
గడికీ గడికీ మధ్య ఖాళీగా వదిలే సందులోనే
నా రాత్రులన్నీ జారిపోయాయేమో.

వేలు సరిగ్గా కుదరడం లేదు.
కణుపు దగ్గర ఎలా వంగుతుందో
ఒక్కసారి చూద్దామని ఫోను తీశాను.
ఒక్కసారే.
తలెత్తేసరికి పడవలు తిరిగొస్తున్నాయి,
కాగితం మీద పెన్సిలు దొర్లిన గీత తప్ప ఇంకేమీ లేదు.
బొటనవేలు బొమ్మ కోసం వెతికాను,
నా బొటనవేలు నా చేతికే ఉండగా!

బల్ల దగ్గర పిల్‌న్యో అవ్వకి చెబితే
కత్తి కిందపెట్టి మరీ నవ్వింది.
తరవాత ఓ స్క్విడ్‌ని చీరి
సిరాతిత్తి వేలితో పైకెత్తి చూపించింది.
"వెలుగు చూసి వచ్చేదీ ఇదే,
నల్లగా కక్కి పారిపోగలిగేదీ ఇదే.
గాలం పడ్డాక కక్కుతుంది, పిచ్చిది,
పడవంతా పాడు చేస్తుంది."
ఇంకేదో చెబుతుందనుకున్నాను.
ముక్కు చీదుకుని మళ్లీ పనిలో పడింది.

ఓ మందు సీసాలో ఆ సిరా ఇంటికి తెచ్చాను.
పదకొండో పేజీలో గళ్లన్నీ చెరిపేసి
అంచు నుంచి అంచు దాకా నలుపు పులిమాను.
కింద ఓ మూల నా బొటనవేలంత తెలుపు వదిలాను.
నాలుగు రోజులు ఇల్లంతా నీచు కంపు.
పక్కింటి పిల్లి మా గుమ్మం వదిలితే ఒట్టు.

గ్యూవాన్ చదివాడు.
మాడిన గిన్నె దగ్గర నవ్వాడు.
నల్ల పేజీ దగ్గర ఆగి
ఆ తెలుపులో తన వేలు పెట్టి చూశాడు.
వాడి వేలికి చుట్టూ ఇంకా చోటు మిగిలింది.
"తరవాతేంటి?"
తరవాతేంటో నాకూ తెలీదు.
నిన్న కూడా బియ్యం డబ్బాలో దాచిన ఫోనుని
రెండుసార్లు తవ్వి తీశాను.

పన్నెండో పేజీలో వాడి ముఖం గీద్దామని
దీపం ముందు కూచోబెట్టాను.
కదలొద్దన్నాను.
నుదురు, చెవి, రెప్పలు,
ఎడమ కనుబొమ్మ మీద తెల్లటి చిన్న మచ్చ.
పెన్సిలు ఆగింది.
"ఇదెప్పుడు తగిలిందిరా?"

"పోయినేడు,"
పెదవులు కదపకుండా అన్నాడు వాడు.