తూకానికి రాని సరుకు

ముప్ఫై రెండేళ్లు టమటావ్ రేవులో
కాటా దగ్గరే నిలబడ్డాను.
లవంగం తూచాను, వనిల్లా తూచాను.
నీళ్లు చల్లి బరువు పెంచిన బస్తాని
వేలితో తడిమి పట్టేశాను.
నా సంతకం పడనిదే
ఓడ కదిలేది కాదు.

ఇప్పుడు అంటాననరీవులో అద్దెగది.
రాత్రి ఏడున్నరకి పక్కగది త్సికీ
చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగుతుంది,
ముసలాడు నిద్ర లేస్తాడని.
ఏడున్నరకి ఎవడు పడుకుంటాడు?
ఆ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.

త్సికీ అంటే మా భాషలో చిరునవ్వు.
అద్దాల మేడలో ఆ పేరు చెల్లదు.
అక్కడ ఆమె క్లేర్.
నవ్వు మాత్రం వినబడాలట, ఫోన్లో కూడా.

మాంట్రియల్‌లో ఎవరిదో
మంచు తోసే యంత్రం మొరాయించింది.
మంచు మొహం ఎరగని పిల్ల
"ముందు తాళంచెవి తిప్పండి మదామ్" అంటుంది.
అటు తిట్లు.
ఇటు కిటికీ కింద వరిమళ్లలో కప్పలు.
మీట నొక్కి కప్పల నోరు మూస్తుంది.

రేవులో ఒక్క బస్తా కదల్లేదు,
అయినా ఏదో ఎగుమతైంది.
ఏ తక్కెడలో పెట్టను దాన్ని?
మింగిన మాటకి
తరుగు ఎంత తియ్యను?

రేడియోలో మంత్రిగారు శాతాలు చదివారు.
నాకు శాతాలు తెలీవు,
వులులూన పెనాలు తెలుసు.
మేడ గేటు పక్కన, తెల్లవారుజాము నాలుగింటికి,
గుంతల పెనంలో బియ్యప్పిండి రొట్టెలు.
మొదట ఒక్కటే పెనం.
రెండో అంతస్తులో దీపాలు వెలిగాక రెండు.
మూడోది వెలిగాక
మూడో పెనం, బొగ్గు మోసే కుర్రాడు,
వాడికో చొక్కా, చొక్కా కుట్టిన ఫారా ఇంట్లో
కొత్త బల్బు.
తన విసుగు ఇంత దూరం నడిచిందని
మాంట్రియల్ మదామ్‌కి తెలీదు.

వానల్లో ఒక శుక్రవారం
మూడో అంతస్తు చీకటి.
కరెంటు పోయిందనుకున్నాం, మాకు మామూలే.
కాదట.
ఆ మాటలు ఇక యంత్రమే మాట్లాడుకుంటుందట.
ఓడ మునిగితే
పీపాలైనా ఒడ్డుకి కొట్టుకొస్తాయి.
నూట పది గొంతులు మునిగితే
నీటి మీద ఏం తేలుతుంది?

త్సికీది రెండో అంతస్తు, బతికిపోయింది,
అన్నాను. అన్నాక సిగ్గేసింది.
ఆమె ఏమీ అనలేదు.
రొట్టె నములుతూ బొగ్గు కుర్రాడికి
ఫ్రెంచిలో అంకెలు చెబుతోంది.
వాడు ఏడు దగ్గర తప్పాడు,
మళ్లీ మొదలెట్టాడు.

మూడో పెనం గోడకి ఆనించి ఉంది.
పొరపాటున చెయ్యి వేశాను, అలవాటు.
రెండు కిలోల మూడు వందలు,
అడుగున మాడిన పిండితో కలిపి.