ఈగల వంట

పొద్దున్నే ఆరు లీటర్లు.
మొక్కజొన్న పిండి, ఈస్ట్, గట్టిపడటానికి అగర్,
బెల్లం దొరకని వారం ఖర్జూరం పాకం.
అల్ ఖూద్‌లో నేను వండేది మనుషులకు కాదు.
ఉప్పాడ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే
మెస్‌లో పని అంటాను.
ఈగలకంటే ఆ జీతం ఎవరూ నమ్మరు.

ఒక వరస సీసాల్లో ఎర్రకళ్ళవి.
ఇంకో వరసలో కళ్ళే లేనివి,
తల నున్నగా, తుడిచేసిన పలకలా.
అవీ తింటాయి. సంసారం చేస్తాయి.

మొన్న బుథైనా డాక్టరమ్మ పిలిచి
"రత్నం, చూడు" అంది.
మైక్రోస్కోపు కింద ఈగ కాలు.
కాలి మీద కన్ను.
ఎర్రగా, తేనెపట్టు గదుల్లా,
దేన్నీ చూడకుండా తెరుచుకుని.

ఆ జన్యువు ఎలుకదట.
ఎలుకదైతే ఎలుక కన్ను రావాలిగా?
నవ్వింది.
"అది 'కన్ను' అని ఒక్క మాటే అంటుంది.
ఎలాంటి కన్నో
విన్న ఒళ్ళు తేల్చుకుంటుంది."
కొబ్బరికాయ కొట్టి మేస్త్రీ వెళ్ళిపోతాడు,
గోడలు లేపేది కూలీలే కదా.

ఆ మాట మనిషిలో రెండుసార్లు రాసుంటుందట,
అమ్మవైపు ఒకటి, నాన్నవైపు ఒకటి.
మా తమ్ముడు సింహాద్రికి ఒకటి చెరిగిపోయింది.
కళ్ళున్నాయి వాడికి.
పాప చుట్టూ రంగు వలయమే లేదు.
రెక్కలు బిగించని గుమ్మం,
ఎండ అడక్కుండా లోపలికొచ్చేస్తుంది.

జూన్ వస్తే ఇక్కడ
మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని రూలు.
వాడికి ఆ రూలు పుట్టినప్పటి నుంచీ ఉంది.
అందుకే సీబ్ చేపల మార్కెట్లో రాత్రి డ్యూటీ.
పడవలొచ్చే వేళకి
నల్లద్దాలు నుదుటి మీదకి తోసి
వంజరాన్ని ఐసులోంచి లేపుతాడు,
ముక్కు తగిలేంత దగ్గరగా.
కన్ను ఉబ్బుగా, తేటగా ఉంటే తాజా.
గుంటపడి తెల్లబారితే నిన్నటిది.
సేట్లు వాడి తల ఊపు చూసి పాట పెంచుతారు.

శుక్రవారం తెల్లవారుజామున వెళ్ళి చెప్పాను.
ఈగకీ ఎలుకకీ నీకూ
నీ చేతిలో ఉన్న దానికీ
ఒకటే మాటరా, చాలా పాత మాట.
వాడు పొలుసులు గోకుతూ
"మరి నాకు చెప్పేటప్పుడు ఎవడక్కా దగ్గింది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.
డాక్టరమ్మ దగ్గర ఉందేమో, అడగాలి.
అప్పటికే సముద్రం మీద వెలుతురు లేస్తోంది.
వాడి చేతుల నిండా నెత్తురు, పొలుసులు.
నుదుటి మీది అద్దాలు
నేనే కిందకి దించాను.