కోర్టులంక

మా సూపరింటెండెంటు వకుళ మేడం
సెలవు పెట్టి ఏదో దీవికి పోయొచ్చింది.
కొండ నోరు తెరిచి నిప్పు కక్కితే పుట్టిన దీవంట.
ఇసక కూడా కాటుక ఆరబోసినట్టుంది ఫోన్లో.
అక్కడ బ్యాటరీ బండి అద్దెకు తీసుకుని
చప్పుడు లేకుండా దీవంతా తిరిగారంట మొగుడూ పెళ్లాం.

చప్పుడు లేకుండా, అన్న ఆ మాట
నా బల్ల మీదే ఉండిపోయింది, సీలు పక్కన.

ఆదివారం పొద్దున్నే
ఒంగోలు కర్నూలు రోడ్డులో ఖాజావలి షాపుకు పోయి
రోజుకు నాలుగొందలని మాట్లాడుకున్నా.
"ఎందాకక్కా?"
"చీమకుర్తి."
"ఆడేముంది గుంటలు తప్ప?" అంటూనే
ఆధార్ జిరాక్సు తీసుకున్నాడు.

పంతొమ్మిదేళ్లు గనుల ఆఫీసులో
ఆ గుంటలకే పర్మిట్లు కొట్టాను.
ఇన్ని క్యూబిక్ మీటర్లు, ఇంత సీనరేజి, ఫలానా లారీ.
రాయి మొహం ఎరగను.
మా ఇంట్లో ఇప్పటికీ నాపరాళ్లే.

పేర్నమిట్ట దాటినాక బండి నా మాట విన్నది.
సంతనూతలపాడు దగ్గర ఒక బర్రె
రోడ్డుకు అడ్డంగా నిలబడి కదల్లేదు.
చప్పుడుంటే గదా అది పక్కకు జరిగేది!
మొహంలో మొహం పెట్టి
ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

చార్జి డెబ్బై. చార్జి అరవై రెండు.
పొగాకు బ్యారన్లు, సుబాబుల్ తోటలు,
ఒక్కో రాయిని గొలుసులేసి కట్టి
ఏనుగును తోలుకుపోతున్నట్టు మెల్లగా లారీలు.

రామతీర్థం అవతల గట్టెక్కి చూస్తే
ముందు నేల లేదు.
ఒక్కో మెట్టూ ఇల్లంత ఎత్తున కిందికి దిగిపోయి
అడుగున పచ్చటి నీళ్లు.
ఆ నీళ్ల నడుమ నిట్టనిలువునా
ఎవరూ కోయని ఒక్క రాతిముక్క.
దాని నెత్తిన చారెడు పాత పొలం,
సర్కారు తుమ్మ, వంకర తాటిచెట్టు.

టీ బంకు మాలకొండమ్మ ప్లగ్గు ఇచ్చింది,
ఇరవై రూపాయలు ముందే తీసుకుని.
"దాన్ని కోర్టులంక అంటాం.
ఇటోళ్లు మాదంటారు, అటోళ్లు మాదంటారు,
చుట్టూ తవ్వుకుంటా పోయారు, అది మిగిలింది.
ఒంగోల్లో ఎవతో కాయితం పోగొట్టిందంట,
పన్నెండేళ్లయింది.
ఆమె కడుపు చల్లగుండ,
చిలకలు దిగినయి దాని మీద."

టీ గొంతులోనే ఆగింది.
ఆ ఫైలు నంబరు నాకు నోటికొచ్చు.
పోగొట్టలేదు.
మా పిల్లకు టైఫాయిడ్ వచ్చిన నెలలో
బీరువా వెనక్కి జారింది.
దొరికింది తర్వాత.
దొరికిందని చెప్పడానికి మొహం చెల్లక
సొరుగు అడుగున పెట్టి
మీద పాత క్యాలెండరు పరిచాను.

మాలకొండమ్మ గ్లాసులు కడిగిన నీళ్లు
పక్కనున్న రాతిచెక్క మీదికి విసిరింది.
బూడిద రంగు పోయి నలుపు లేచింది,
నలుపులో సన్నటి బంగారు చుక్కలు.
ఇదీ నిప్పే. ఆఫీసు గోడ మీది చార్టులో ఉంది.
పైకి దారి దొరక్క లోపలే ఆగిపోయిన నిప్పు,
నిదానంగా చల్లారబట్టే చుక్కలు కట్టిందంట.
చార్టు చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు.
ఇప్పుడు వేలితో తాకితే
ఎండకు చురుక్కుమంది.

చార్జి ఎనభైకి ఎక్కేదాకా
చిలకల్ని లెక్కపెట్టాను.
నిలిస్తే గదా.

"దుమ్మేందక్కా ఇంత! కడిగి గదా ఇచ్చింది"
అని ఖాజావలి యాభై పట్టుకున్నాడు.

సోమవారం వకుళ మేడం
మామూలుగానే అన్నది:
"పెండింగు ఫైళ్లు తియ్యి, ఆడిటు వాళ్లొస్తున్నారు."
తీసిచ్చాను, పదకొండు.
సొరుగు మాత్రం
చప్పుడు కాకుండా మూశాను.