మైనం పట్టని పువ్వు

మార్చి నెలాఖరు.
ఒములేవ్ ఏటి ఒడ్డున మంచు ఇంకా కరగలేదు.
మట్టల ఆదివారం దగ్గరికొచ్చింది.
కుర్పియె అడవుల్లో మట్టలెక్కడివి?
తాటిచెట్టుని బొమ్మల్లో తప్ప చూడని ఊరు మాది.
అందుకని ఏటేటా
వసంతాన్ని కత్తెరతో కోసి తెచ్చుకుంటాం.

బడి వెనక గదిలో, పొయ్యి పక్కన, గెనొవేఫా పెద్దమ్మ.
ఆమె కళ్ళజోడుకి ఒక కాలు లేదు,
బదులుగా చెవికి చుట్టిన నల్ల దారం.
బల్ల మీద ముడతల కాగితం చుట్టలు:
ఎరుపు, పసుపు, ఊదా,
ఇంకొకటి ఏ రంగో చెప్పలేం.
కిటికీలో రెండు వేసవులు పడుండి వెలిసిపోయింది.
"దాన్ని పారేయకండర్రా,
నిన్నటి గులాబీలు దాంతోనే వస్తాయి."

మొదటిరోజు కత్తెర ముట్టుకోనివ్వలేదు.
"కాగితానికీ మొండితనం ఉంటుంది.
ఒకవైపు లాగితే సాగుతుంది,
ఇంకోవైపు లాగితే చిరుగుతుంది.
ఎటు ఏదో ముందు కనుక్కోండి."
నేను చిరిగేవైపే లాగాను.
చర్రుమన్న చప్పుడుకి పదముగ్గురూ నవ్వారు,
అపోలోనియా కాస్త ఎక్కువసేపు.

రేకు నడుమ బొటనవేళ్ళు రెండూ ఆనించి
మెల్లగా బయటికి తోస్తే
దానికి చిన్న బొజ్జ వస్తుంది.
అంచుని అల్లిక సూదికి చుట్టి వదిలితే
వెనక్కి వాలి బద్ధకంగా పడుకుంటుంది.
తీగ కొసని జిగురులో ముంచి
పసుపు కలిపిన గోధుమరవ్వలో దొర్లిస్తే పుప్పొడి.
ఇవన్నీ ఆమె వేళ్ళకి తెలుసు, నోటికి తెలియవు.
"ఎలా పెద్దమ్మా?" అంటే
"ఇలా" అంటూ ఇంకో పువ్వు చేసేసేది.

పది రోజులకి నాదీ ఒకటి తయారైంది.
ఎర్రది. ఒక పక్కకి ఒరిగింది.
"లుద్విక్, క్యాబేజీ బాగుంది" అంది అపోలోనియా.
ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకోలేదు,
నలుగుతుందని
బూటులో పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం
ఎనామెల్ గిన్నెలో మైనం కరిగింది.
వానకి రంగు దిగకుండా
ప్రతి పువ్వుకీ ఒక మునక.
మునిగిన పువ్వు మెరుస్తూ పైకొచ్చేది,
చల్లారగానే తట్టి చూస్తే టక్కుమనేది.
కొవ్వొత్తిలాగా.
నాకెందుకో అది నచ్చలేదు.
క్యాబేజీని చొక్కాలో దాచేశాను.
చీకటి పడ్డాక వెళ్ళి
పొడవాటి పైన్ కర్రకి, జూనిపర్ కొమ్మల సందులో,
ఎవరూ చూడని చోట కట్టాను.

తెల్లారి వాన.
ఏడు మీటర్ల మట్టని
అగ్నిమాపక దళం వాళ్ళు నలుగురు ఎత్తారు.
చర్చి దారంతా గొడుగులు, బురద, బాకాలు.
వందల పూల మీద చినుకులు
ముత్యాల్లా నిలిచి జారిపోతున్నాయి.
ఒక్కటే తడిసింది.
ఒక్కొక్క రేకూ బరువెక్కి, తలవాల్చి,
తన ఎరుపంతా కర్ర వెంబడి వదిలేసింది.
అది జెనోన్ మణికట్టు దాటి
తెల్లచొక్కా చేతిలోకి పాకుతుంటే
దెబ్బ తగిలిందేమోనని
ఎవరో కేక కూడా వేశారు.

నేను అమ్మ కోటు వెనక్కి నక్కాను.
పెద్దమ్మ దగ్గరికెళ్ళి
దారం సర్దుకుని, మెడ పైకెత్తి,
చాలాసేపు చూసింది.
"అరవై ఏళ్ళుగా చేస్తున్నాను,
నా పువ్వు ఒక్కటీ వాడిపోలేదు" అంది.
తిట్టిందో మెచ్చుకుందో
ఇప్పటికీ తేలలేదు నాకు.

న్యాయనిర్ణేతలు మాకు నాలుగో స్థానమిచ్చారు.
మరకల వల్ల కాదు,
కర్ర కొంచెం వంకరట.

జెనోన్ వాళ్ళమ్మ ఆ చొక్కాని
మూడుసార్లు ఉడకబెట్టింది.
మోచేతి దగ్గర గులాబిరంగు అలాగే ఉండిపోయింది.
మే నెలలో, అసలు పూలొచ్చాక,
ఆ చొక్కా వేసుకునే
బంగాళాదుంపలు నాటుతూ కనిపించాడు.
నన్ను చూసి
ఆ చెయ్యే ఊపాడు.