ఒకటి పాయింట్ ఏడు

బీసెంట్ రోడ్డు వెనక సందులో
పాత చొక్కా గుడ్డ మడతలు విప్పి
మస్తాన్‌వలీ చూపించాడు.
"మీ కెమెరా కన్నా ఇదే బరువు సార్,
మూతి మీద వేలు పెట్టకండి."
పన్నెండొందలన్నాడు, తొమ్మిదికి దిగాడు.

అడాప్టర్ గొట్టం బిగించి
బ్యారేజీ మీద నిలబడితే
ముందు చుట్టూ నలుపే,
బావి అడుగు నుంచి ఆకాశం చూస్తున్నట్టు.
జూమ్ చివరిదాకా నొక్కాను.
చీకటి అంచులు తప్పుకున్నాయి.

బస్సు వెళ్తే వంతెన వణికింది,
వంతెనతో నేను, నాతో కృష్ణ.
మోచేతులు రెయిలింగుకి ఆనించి
ఊపిరి బిగబట్టి మళ్ళీ చూశాను:
సీతానగరం వైపు ఇసుక మేట మీద
ఇందాకటి చుక్క
మనిషయింది.
బోర్లించిన పడవకి చేరగిలబడి
వల చిక్కు తీస్తున్నాడు.
పెదాలు కదులుతున్నాయి.
తిట్టో, పాటో, అప్పుల లెక్కో.
గోడలకి చెవులుంటాయంటారు,
గాజుకి లేవు.

తలెత్తాడు. సూటిగా నాకేసి.
అంత దూరానికి నేను ఆననని తెలిసీ
దొంగలా కెమెరా దించేశాను.
మళ్ళీ చుక్క.
అతని దూరం అతనికి ముట్టింది.

రాత్రి, చింతపండు చేతులతోనే
"నన్నూ ఒకటి తియ్యండి" అంది సువర్చల.
గది పొడవు చాల్లేదు.
బీరువాకి వీపు ఆనించి ఫ్లాష్ కొట్టాను.
ముఖం మసక.
మెడ కింద లెన్స్ తన నీడే పరిచింది,
మాడిన సగం అట్టులా.

"ఉండు, ఇది తీసేస్తా" అన్నాను.
మర బిగుసుకుంది.
గొట్టం ఊడి చేతిలోకొచ్చేసరికి
ఆవిడ పులుసు దగ్గరుంది.