ఇండ్లు

పొద్దుగాల్నే సదానందం సేటు వచ్చిండు.
కిరాయి తారీకు గాదు.
జేబులకెల్లి మడత కాయితం తీసిండు:
ఇల్లు అమ్మబడును. కింద ఫోన్ నంబరు.
"నీ చేతిరాత మంచిగుంటది ఓదేలూ,
గోడ మీద రాయి. పైసలు కిరాయిల కోసుకో."

ఫ్లెక్సీలొచ్చినంక
నా చేతిరాత మంచిగున్నదన్నోడు లేడు.
అబద్ధమెందుకు, ముందుగాల సంబురమే అయింది.
బ్రష్షులు కిరసనాయిల్ల నానేసినంక
గోడ దిక్కు సూసిన.

కాశిబుగ్గల ఎనుకటి గల్లి మాది.
రెండు వందల పది గజాలు, తూర్పు మొఖం అంటడు బ్రోకరు.
మొన్న వచ్చి కొలిచిండు,
టేపు రెండో కొస నాతోనే పట్టిచ్చిండు.
ఆయన టేపుకు అందనియి కొన్నున్నయి.
ఒక్క మీటరుకు ఐదు సబ్‌మీటర్లు,
ఐదింటికి ఐదు తీర్ల లొల్లి.
దినం తప్పించి దినం వచ్చే నల్ల,
రాత్రే వరుసల పెట్టిన బిందెలు;
ఏ సొట్ట ఎవరిదో చీకట్ల తడిమి చెప్తం.

ముందటి అర్రల మొగిలి,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసొస్తడు.
వాకిట్ల అంగి ఇప్పి దులుపంగనే
ఇల్లు మొత్తం ఒక్కసారి తుమ్ముతది.
మెట్ల కింద షాహెదా బీ,
ఆమె కుట్టు మిషను ఆగిందంటె రాత్రి పదకొండైనట్టు.
మీద కరుణమ్మ, ఎంజీఎంల రాత్రి డ్యూటీ;
పగలు ఆమె పండుకుంటదని
మా పోరగాండ్లు గుసగుసలతోనే కొట్లాడుడు నేర్సిండ్రు.
కొత్తవాడల మగ్గం బందైనంక
దర్రీల కట్టతోని దిగిన మార్కండం ఎనుక రూముల.
నేను, నా రంగు డబ్బలు, మా ఇంటామె
మిగిలిన దాంట్ల.

నిచ్చెనెక్కి చాకుపీసుతోని గీతలు కొట్టిన.
"ఇ" రాసిన.
"ల్లు" రాయబోతుంటె చెయ్యి ఆగింది.
ల కింద ల.
మీద పోర్షను, కింద పోర్షను.
సేటుకు గంతే అగుపడుతది.
మరి వాకిలేది?

అందుకని సున్న పెట్టిన.
గుండ్రంగ, నిండుగ, ఎర్ర రంగుల.
బాసన్లు తోమే కాడ, మిర్చి అంగి దులిపే కాడ,
నల్ల కాడ లొల్లై మాటలు బందైనోళ్లు
కరెంటు పోతే మళ్ల ఒక్క చాప మీద కూసునే కాడ.
సున్న పక్క డ. డ కింద ల ఒత్తు.
ఇండ్లు అమ్మబడును.

మాపటికి సేటు వచ్చి సదివిండు.
మళ్లోసారి సదివిండు.
"ఒక్కటే గద ఇల్లు?"
"ఐదున్నయి సేటూ."
"కాయితాలల్ల ఒక్కటే ఉన్నది. తుడువు."
ఆయన మొఖం గూడ మంచిగ లేదు.
ముగ్గురన్నదమ్ములు.
మూడు ముక్కలు జెయ్యాలంటె
ముందుగాల ఒక్కటని రాసుండాలె.

తుడిసిన.
మీద తెల్లరంగు ఒక్క కోటే కొట్టిన.
రెండో కోటుకు డబ్బల రంగు లేదు,
ఉన్నా కొడుదునో లేదో.
డ తీసి ల జేసిన.
కింది ఒత్తు జోలికి పోయే పనే వడలే.

తెల్లారి నల్ల వచ్చే దినం.
గోడ పొంటి బిందెలు.
మొగిలి బిడ్డ రెండో తరగతి,
వేలు పెట్టి కూడబలుక్కుంట సదువుతున్నది:
"ఇ... సున్న..."
"సున్న లేదు బిడ్డా, తుడిసేసిన."
"ఉన్నది మామా, గులాబి రంగుల."

సూసిన.
తెల్లదాని కిందికెల్లి ఎర్రది తేలుతున్నది.

అంతల్నే నల్ల దగ్గింది.
సదువుడు ఇడిసిపెట్టి పిల్ల
బిందె కాడికి ఉరికింది.